కొండ లోపల ఏముంది?

1992లో నోవాలాజిక్ అనే అమెరికన్ కంపెనీ ‘కమాంచీ: మాగ్జిమమ్ ఓవర్‌కిల్’ అనే హెలికాప్టర్ ఆటను విడుదల చేసింది. అప్పటికి ఇళ్లలో ఉన్నవి 386, 486 రకం కంప్యూటర్లు. గ్రాఫిక్స్ కార్డు పని తెర మీదికి బొమ్మను పంపడం వరకే, లెక్కలన్నీ ప్రాసెసరే చేసుకోవాలి. తెర మీద అడ్డంగా 320 చుక్కలు, నిలువుగా 200, వాడుకోవడానికి 256 రంగులు. ఆనాటి విమానాల ఆటల్లో నేల అంటే ఒకే పచ్చరంగు పూసిన బల్లపరుపు మైదానం. కొండ అంటే నాలుగు త్రిభుజాలు ఆనించి నిలబెట్టిన పిరమిడ్. అలాంటి రోజుల్లో కమాంచీ ఆడినవాళ్లకు లోయలు కనిపించాయి. గరుకైన కొండవాలు, మెలికలు తిరిగిన కనుమలు, ఎత్తు మారేకొద్దీ రంగు మారే మట్టి కనిపించాయి. హెలికాప్టర్‌ను కిందికి దించి ఒక గట్టు వెనక నక్కితే శత్రువుకు కనబడకుండా ఉండవచ్చు. నేల ఆటలో భాగమైపోయింది.

ఆ నేలను గీసిన పద్ధతికి కంపెనీ పెట్టుకున్న పేరు వాక్సెల్ స్పేస్. దాని వెనక ఉన్న ప్రోగ్రామర్ కైల్ ఫ్రీమన్.

వాక్సెల్ అంటే ఏమిటో ముందు చూద్దాం. వీడియో గేముల్లో మనకు కనిపించే వస్తువుల్లో చాలా భాగం త్రిభుజాల అల్లిక. మనిషి ముఖమైనా, కారైనా, గుడి గోపురమైనా వేలకొద్దీ చిన్న త్రిభుజాలను అంచుకు అంచు కలిపి తొడుగులా చేసి, దాని మీద రంగుల బొమ్మ అతికిస్తారు. లోపల ఏమీ ఉండదు. వినాయక చవితి పందిట్లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహానికీ మట్టి విగ్రహానికీ ఉన్న తేడా లాంటిదే ఇదీ. పైకి రెండూ ఒకటే. గీకి చూస్తే ఒకటి డొల్ల, రెండోది ఎంత గీకినా మట్టే. వాక్సెల్ పద్ధతి ఆ రెండో రకం. చోటునంతటినీ చిన్న చిన్న ఘనపు గడులుగా కోసి, ఒక్కో గడిలో రాయి ఉందా, మట్టి ఉందా, నీళ్లున్నాయా, వట్టి గాలేనా అని రాసుకుంటుంది. ఆ గడే వాక్సెల్. పిక్సెల్ తెర మీద చదునుగా ఉండే చుక్క. వాక్సెల్‌కు పొడవు, వెడల్పు, లోతు మూడూ ఉంటాయి.

కారుకు తొడుగు సరిపోతుంది. నేలకు సరిపోదని నా అభిప్రాయం. నేలను తవ్వుతాం, దున్నుతాం, దాని కింద నీళ్లు పారతాయి, వానకు కోసుకుపోతుంది, సొరంగాలు పడతాయి. నేల అంటే పైపొర ఒక్కటే కాదు, దాని కింద ఉన్నదంతా నేలే. గేముల్లో ప్రకృతిని చూపించడానికి గత ముప్ఫై ఏళ్లుగా జరిగిన ప్రయత్నాలన్నీ ఈ ఒక్క విషయం దగ్గరే చిక్కుపడ్డాయి. మెమరీ చాలదు కాబట్టి పైపొరతో సరిపెట్టుకోవడం, అది చాలక మళ్లీ లోపలికి దిగడం, ఇదే కథ.

కమాంచీ ఏం చేసిందో చూస్తే అది తెలిసిపోతుంది. మెమరీలో రెండు పటాలు ఉంటాయి. రెండూ 1024 గడుల పొడవు, 1024 గడుల వెడల్పు. మొదటి పటంలో ప్రతి గడి దగ్గరా నేల ఎంత ఎత్తుందో 0 నుంచి 255 లోపు ఒక అంకె ఉంటుంది. రెండో పటంలో అదే చోట నేల ఏ రంగో ఉంటుంది. ఒక్కో పటానికి 10,48,576 గడులు, అంటే సరిగ్గా ఒక మెగాబైట్. లోకమంతా ఆ రెండు మెగాబైట్లలోనే. పటం ఈ అంచు దాటితే ఆ అంచులోంచి మళ్లీ లోపలికి వస్తాం కాబట్టి ఎంత దూరం ఎగిరినా లోకం అయిపోదు.

ఇక గీయడం. తెరను 320 నిలువు చారలుగా అనుకోండి. ఒక్కో చార కోసం హెలికాప్టర్ ఉన్న చోటునుంచి పటం మీద ఒక గీత ముందుకు బయల్దేరుతుంది. అడుగడుగునా ఆగి, అక్కడి ఎత్తూ రంగూ చదువుతుంది. ఆ ఎత్తు తెర మీద ఏ వరుసలో కనిపించాలో తేల్చడానికి ఒక తీసివేత, ఒక భాగహారం, ఒక గుణకారం చాలు. హెలికాప్టర్ ఎత్తులోంచి నేల ఎత్తు తీసేయాలి, వచ్చినదాన్ని దూరంతో భాగించాలి, తెర కొలతకు సరిపడే ఒక స్థిరమైన అంకెతో గుణించాలి. దిగంతరేఖకు అన్ని వరుసల కింద ఆ నేల కనిపిస్తుంది.

అంకెలతో చేసి చూద్దాం. హెలికాప్టర్ 120 ఎత్తులో ఉంది. తెర వరుసలను పైనుంచి కిందికి 0 నుంచి 199 దాకా లెక్కపెడితే దిగంతం 100వ వరుసలో ఉంది. స్థిరమైన అంకె 240 అనుకుందాం. గీత బయల్దేరింది. 80 దూరంలో 90 ఎత్తున్న గుట్ట తగిలింది. 120లోంచి 90 పోతే 30, దాన్ని 80తో భాగించి 240తో గుణిస్తే 90. దిగంతానికి 90 వరుసల కింద, అంటే 190వ వరుస. తెర అడుగు నుంచి అక్కడిదాకా గుట్ట రంగు పూసేస్తుంది. ఇంకా ముందుకు వెళితే 160 దూరంలో లోయ, ఎత్తు 60. లెక్క చేస్తే మళ్లీ 190 వస్తుంది. అక్కడిదాకా ఇప్పటికే రంగు పడిపోయింది కాబట్టి లోయకు తెర మీద చోటు దొరకదు, గుట్ట చాటున ఉండిపోతుంది. 240 దూరంలో 100 ఎత్తు నేల 120వ వరుసకు వస్తుంది. 189 నుంచి 120 దాకా ఖాళీగా ఉన్న చోటంతా దాని రంగే. 480 దూరంలో 140 ఎత్తు కొండ ఉంది. అది హెలికాప్టర్ కన్నా ఎత్తు కాబట్టి తీసివేతలో గుర్తు తారుమారై దిగంతాన్ని దాటి 90వ వరుస దాకా లేస్తుంది. ఆ పైన మిగిలింది ఆకాశం.

ఏది దేనికి అడ్డం వస్తుందో తేల్చడానికి వేరే లెక్కే లేదు, చూశారా? దగ్గరనుంచి దూరానికి వెళుతూ, ఒకసారి రంగు పడ్డ చోట మళ్లీ రంగు వేయకుండా ఉంటే చాలు, చాటుమాటులు వాటంతట అవే తేలిపోతాయి. దూరం పెరిగేకొద్దీ గీత పెద్ద పెద్ద అడుగులు వేస్తుంది, దూరపు కొండకు అంత వివరం అక్కర్లేదు కాబట్టి. వీటన్నిటికన్నా నాకు గొప్పగా అనిపించేది ఇంకొకటి. నేల ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా పని పెరగదు. త్రిభుజాలతో చేస్తే ఒక్కో రాతి మడతకూ ఇంకొన్ని త్రిభుజాలు కావాలి, ప్రతి మడతకూ మూల్యం చెల్లించాలి. ఇక్కడ బల్లపరుపు ఎడారికీ, ముక్కలు ముక్కలుగా విరిగిన కనుమకూ ఒకే ఖర్చు. ప్రకృతి స్వభావమే గరుకుదనం. దాన్ని ఉచితంగా ఇచ్చే పద్ధతి ఇది. ఇవాళ దీన్ని ఇరవై వరుసల ప్రోగ్రామ్‌లో రాసేయవచ్చు, నేర్చుకునే పిల్లలు రాస్తున్నారు కూడా.

లోపాలూ కంటికి కనిపించేవే. నిట్టనిలువు గోడలాంటి కొండ ఎదురైతే, పై అంచున ఉన్న రంగే కిందిదాకా చారలు చారలుగా కారిపోతుంది, గోడ మధ్యలో ఏ రంగు ఉండాలో పటంలో రాయడానికి చోటు లేదు గనుక. తల పైకెత్తడం, కిందికి దించడం దిగంతరేఖను జరిపి చేసే గారడీయే. సూటిగా కాళ్ల కిందికి చూడడం కుదరదు.

అసలైన లోపం ఇంకా లోతైనది. కమాంచీలో ఉన్నవి వాక్సెళ్లే కావని పేచీ పెట్టేవాళ్లు ఉన్నారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. పటంలో ఒక చోటుకు ఒకే ఎత్తు. అంటే ఆ ఎత్తు కింద ఉన్నదంతా రాయి, పైన ఉన్నదంతా గాలి. మధ్యలో ఇంకేమీ ఉండడానికి వీల్లేదు. తిరుమల కొండ మీది శిలాతోరణాన్నే తీసుకోండి. కింద ఖాళీ, పైన రాతి వంతెన, ఆ పైన ఆకాశం. ఎత్తుల పటంలో దాన్ని పెడితే తోరణం పైభాగం ఎత్తు మాత్రమే నమోదవుతుంది, కింది ఖాళీ పూడిపోయి గోడవుతుంది.

ఈ ఇబ్బంది గేములకే పరిమితం కాదు. 2005 మే 5న శ్రీహరికోట నుంచి వెళ్లిన కార్టోశాట్-1 ఉపగ్రహంలో రెండు కెమెరాలుండేవి. ఒకటి కాస్త ముందుకూ, ఇంకొకటి కాస్త వెనక్కూ వంగి, ఒకే నేలను రెండు కోణాల్లో ఫొటో తీసేవి. ఆ జంట ఫొటోలతో నేల ఎత్తు లెక్కగట్టి, దేశమంతటికీ ఎత్తుల పటం తయారుచేశారు. దాని పేరు కార్టోడెమ్. సుమారు 30 మీటర్లకు ఒక ఎత్తు చొప్పున ఉన్న ఆ పటాన్ని హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం భువన్ పోర్టల్ ద్వారా ఉచితంగా ఇస్తోంది. వరద ఎటు పోతుందో లెక్కగట్టడానికీ, రోడ్డు ఏ వాలు మీదుగా వేయాలో చూడడానికీ అది అక్కరకొస్తుంది. దాని స్వరూపం, కమాంచీ మెమరీలోని మొదటి పటం స్వరూపం ఒకటే: గడికో అంకె. మరి నంద్యాల జిల్లాలో బేలం గుహల దగ్గర ఆ పటం ఏం చూపిస్తుంది? దాదాపు చదునైన నేల. పైన చూస్తే పొలాలు, మధ్యలో గోతులు. ఆ గోతుల్లో ఒకదానిలోంచి దిగితే సున్నపురాయిని నీరు తొలిచిన దారులు 3,229 మీటర్ల మేర ఉన్నాయి. అవన్నీ ఆ ఒక్క అంకె కింద పడి కనిపించకుండా పోతాయి. పైనుంచి చూసే ఏ ఎత్తుల పటానికైనా ఇది తప్పదు.

లోపాన్ని సరిదిద్దాలంటే అసలైన వాక్సెళ్లు కావాలి. ఆ లెక్కను ఒకసారి వేసి చూడండి. ఎత్తుల పటం 1024 గడులు ఇటు, 1024 అటు, అంటే ఒక మెగాబైట్. నిలువునా కూడా 1024 గడులు పెడితే 107 కోట్ల పైచిలుకు గడులు. గడికి ఒక బైట్ చొప్పున ఒక గిగాబైట్. ఇంటి కంప్యూటర్‌లో నాలుగు మెగాబైట్ల మెమరీ ఉంటే మంచి కంప్యూటర్ అనుకునే కాలంలో ఆ మాటే ఎవరూ ఎత్తలేదు.

ఇంతలో మార్కెట్టు ఇంకో దారి పట్టింది. 1996లో త్రీడీఎఫ్ఎక్స్ కంపెనీ వూడూ గ్రాఫిక్స్ కార్డు వచ్చింది. త్రిభుజాలకు రంగు నింపడం ఒక్కటే దాని పని, దాన్ని ప్రాసెసర్ కన్నా ఎన్నో రెట్లు వేగంగా చేసేది. ఆ తర్వాత వచ్చిన కార్డులన్నీ అదే బాట. వాక్సెల్ నేలకు ఆ కార్డు ఏ సాయమూ చేయదు. అయినా పట్టు విడవనివాళ్లున్నారు. నోవాలాజిక్ 1998లో తన యుద్ధపు ఆట ‘డెల్టా ఫోర్స్’లోనూ వాక్సెల్ స్పేస్‌నే వాడింది. 1999లో బెల్జియంలోని అపీల్ అనే స్టూడియో ‘అవుట్‌కాస్ట్’ను తెచ్చింది. అందులో పరాయి గ్రహం మీది మంచుకొండలు, వరిమళ్లలాంటి పొలాలు, ఎడారులు అన్నీ ఎత్తుల పటంలోంచి ప్రాసెసర్ ఒక్కటే గీసినవి. కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనుక్కున్నవాడికి ఆ నేల విషయంలో దానివల్ల ఒరిగేదేమీ లేదు. తెర వివరం తక్కువే, అంచులు గరగరలాడుతూ కనిపిస్తాయి. అయినా కొండల గుండ్రటి ఒంపులను ఆనాటి త్రిభుజాల ఆటలు అందుకోలేకపోయాయని ఇప్పటికీ చెప్పవచ్చు. వ్యాపారంగా మాత్రం ఆ దారి అక్కడితో మూసుకుపోయింది.

త్రిభుజాలు గెలిచాయి, ఎత్తుల పటం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇవాళ గేములు తయారుచేయడానికి ఎక్కువగా వాడే అన్‌రియల్, యూనిటీ ఇంజిన్లలో నేల తయారుచేసే పనిముట్టు తెరిస్తే లోపల ఉండేది ఎత్తుల పటమే. 8 బిట్ల అంకె పోయి 16 బిట్ల అంకె వచ్చింది, అంటే 256 మెట్ల బదులు 65,536 మెట్లు. దాన్ని త్రిభుజాలుగా మార్చి కార్డుకు అప్పగిస్తారు. గుహ కావాలంటే నేలకు కన్నం పెట్టి, విడిగా చేసిన గుహ బొమ్మను ఆ కన్నం కింద అమరుస్తారు. అతుకు కనబడకుండా పైన నాలుగు బండరాళ్లు పేరుస్తారు. ఇంత పెద్ద ఆటల్లో కూడా గుహ ముఖద్వారాల దగ్గర అన్నేసి రాళ్లు ఎందుకు పడి ఉంటాయో గమనించినవాళ్లకు ఇప్పుడు కారణం తెలిసినట్టే.

నేలకు లోపలి భాగాన్ని తిరిగి ఇచ్చింది ‘మైన్‌క్రాఫ్ట్’. స్వీడన్‌కు చెందిన మార్కస్ పెర్సన్ 2009లో దాన్ని జనం ముందుకు తెచ్చాడు, పూర్తి రూపం 2011 నవంబరులో వచ్చింది. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తున్న ఘనాలే దాని లోకం. గడి ఇంత పెద్దది కావడం వల్ల మెమరీ కలిసొస్తుంది. లోకాన్ని 16 గడులు ఇటు, 16 గడులు అటు ఉండే నిలువు ముక్కలుగా కోసి, ఆటగాడి చుట్టుపక్కల ఉన్న ముక్కలనే మెమరీలో పెట్టుకుంటుంది. ఇప్పటి ఆటలో ఒక్కో ముక్క ఎత్తు 384 గడులు, మొత్తం 98,304 ఘనాలు. వీటిలో గాలి తగిలే ముఖాలను మాత్రమే త్రిభుజాలుగా మార్చి గీస్తుంది. రాయికి ఆనుకుని రాయి ఉంటే ఆ రెండిటి మధ్య ముఖాన్ని ఎవరూ చూడరు కాబట్టి దాన్ని గీయదు. చూడండి, ఇక్కడ అంతా తలకిందులైంది. కమాంచీ దాచుకున్నది పైపొర, గీసింది వాక్సెల్ పేరుతో. మైన్‌క్రాఫ్ట్ దాచుకున్నది అసలైన వాక్సెళ్లు, గీసేది త్రిభుజాలతో. ఏది దాస్తున్నాం, ఏది చూపిస్తున్నాం అన్నవి రెండు వేరువేరు ప్రశ్నలని తెలిశాకే ఈ రంగం ముందుకు కదిలింది.

మైన్‌క్రాఫ్ట్ కొండల్ని ఎవరు చెక్కారు? ఎవరూ కాదు. కెన్ పెర్లిన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1982 నాటి ‘ట్రాన్’ సినిమాకు పనిచేశాడు. కంప్యూటర్ బొమ్మలన్నీ మరీ నున్నగా, యంత్రంలో పోసినట్టుండడం ఆయనకు నచ్చలేదు. మరుసటి ఏడాది ఒక గణిత సూత్రం తయారుచేశాడు. పెర్లిన్ నాయిస్ అని దానికి పేరు స్థిరపడింది. ఏ చోటు ఇస్తే ఆ చోటుకు ఒక అంకె ఇస్తుంది. పక్కపక్క చోట్లకు దగ్గరదగ్గర అంకెలు, దూరపు చోట్లకు పొంతనలేని అంకెలు. చోటు అదే అయితే ఎన్నిసార్లు అడిగినా జవాబు అదే. పెద్ద అలలాంటి నాయిస్ మీద చిన్న అలలు, వాటి మీద ఇంకా చిన్నవి పేర్చుకుంటూ పోతే కొండ, దాని మీద గుట్ట, గుట్ట మీద బండ వస్తాయి. 1997లో పెర్లిన్‌కు దీనికే సాంకేతిక విభాగంలో ఆస్కార్ అకాడమీ పురస్కారం దక్కింది.

ఆ నాయిస్‌ను పటం మీద రెండు దిక్కుల్లో నడిపితే ఎత్తుల పటం వస్తుంది, మళ్లీ పాత కథే. నిలువుతో కలిపి మూడు దిక్కుల్లోనూ నడిపితే కొత్త లోకం తెరుచుకుంటుంది. అప్పుడు ఎత్తు అడగరు, సాంద్రత అడుగుతారు. ప్రతి చోటుకూ ఒక అంకె. సున్నా కన్నా ఎక్కువైతే రాయి, తక్కువైతే గాలి. కింద లోతుకు పోయేకొద్దీ అంకెకు కొంత కలుపుతారు, పైకి పోయేకొద్దీ తగ్గిస్తారు, కాబట్టి మొత్తం మీద కింద నేల, పైన ఆకాశం నిలబడతాయి. మధ్యలో నాయిస్ గట్టిగా ఊగిన చోట రాయి ముందుకు పొడుచుకొస్తుంది, తోరణాలు లేస్తాయి, నేల కింద బోలు పడుతుంది. 2021 నవంబరులో వచ్చిన 1.18 రూపంలో మైన్‌క్రాఫ్ట్ గుహలను ఈ పద్ధతిలోనే మళ్లీ మలిచింది. పెద్ద బోలు హాళ్లకు జున్ను గుహలనీ, పొడుగ్గా మెలికలు తిరిగేవాటికి స్పగెటీ గుహలనీ, ఇంకా సన్నవాటికి నూడుల్ గుహలనీ తయారుచేసినవాళ్లే పేర్లు పెట్టుకున్నారు.

ఘనాల లోకం పిల్లలకు ముద్దొస్తుంది. అసలు కొండలాంటి కొండ కావాలంటే ఆ మూలలు పోవాలి. దానికి మందు ఆసుపత్రి వైపు నుంచి వచ్చింది. సీటీ స్కాన్ చేసేది మనిషి శరీరాన్ని పొరలు పొరలుగా కొలిచి, గడిగడికీ సాంద్రత రాయడమే. అవి అచ్చమైన వాక్సెళ్లు. వాటిలోంచి ఎముక ఉపరితలాన్ని నునుపుగా తీసి డాక్టరుకు చూపించాలి. జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసే విలియం లోరెన్సెన్, హార్వీ క్లైన్ 1987లో దీనికి ‘మార్చింగ్ క్యూబ్స్’ అనే పద్ధతి ప్రచురించారు. పక్కపక్కనున్న ఎనిమిది కొలతలను ఒక ఘనం మూలలుగా తీసుకోండి. ఒక్కో మూల ఎముక లోపల ఉండవచ్చు, బయట ఉండవచ్చు. ఎనిమిది మూలలకు మొత్తం 256 అమరికలు. తిప్పి చూసినా, లోపలా బయటా తారుమారు చేసినా ఒకటిగా తేలేవాటిని కలిపేస్తే 15 మాత్రమే మిగులుతాయి. ఒక్కో అమరికకు ఏ త్రిభుజాలు వేయాలో ముందే పట్టికలో రాసిపెట్టుకుంటారు. ఘనం తర్వాత ఘనం నడుచుకుంటూ పట్టిక చూసి త్రిభుజాలు వేసుకుంటూ పోవడమే. ఒక మూలలో సాంద్రత 3, పక్క మూలలో మైనస్ 1 అయితే, సున్నా ఎక్కడ పడుతుంది? అంచులో ముప్పాతిక దూరంలో. త్రిభుజం మూల అక్కడ పెడతారు. నునుపు వచ్చేది ఈ చిన్న లెక్కతోనే. గడి మీటరు వెడల్పున్నా కొండవాలు మెట్లుమెట్లుగా కనబడదు.

ఎముకకు బాగానే ఉంది, బండరాయి పదునైన అంచు మాత్రం ఈ పద్ధతిలో అరిగిపోయినట్టు వస్తుంది. 2002లో వచ్చిన డ్యూయల్ కాంటూరింగ్ ఆ పదును నిలబెట్టింది. ఉపరితలం ఏ వైపుకు తిరిగి ఉందో కూడా అడిగి, మూలను సరైన చోట పెట్టడం దాని కిటుకు.

ఈ సరుకంతా మూటగట్టుకుని బ్రిటన్‌లోని హలో గేమ్స్ అనే చిన్న బృందం 2016లో ‘నో మ్యాన్స్ స్కై’ విడుదల చేసింది. అందులో గ్రహాల సంఖ్య 2ను 64 సార్లు వేసి గుణిస్తే వచ్చేంత, 1.8 కోటి కోటి లక్షల పైమాటే. ఏ ఒక్క గ్రహమూ డిస్కులో ఉండదు. ఒక అంకె ఇస్తే సూత్రం ఆ గ్రహాన్ని అప్పటికప్పుడు వాక్సెళ్లుగా లెక్కగట్టి, త్రిభుజాలుగా మార్చి చూపిస్తుంది. వెళ్లిపోతే మరిచిపోతుంది. మళ్లీ వస్తే అదే అంకెలోంచి అదే కొండ. ఆటగాడు తవ్విన గొయ్యి మాత్రం సూత్రానికి తెలియదు కాబట్టి దాన్ని విడిగా దాచుకోవాలి. ఈ ఆట మొదట్లో విమర్శలు మూటగట్టుకున్న మాట నిజమే. అయినా దాని గ్రహాల మీద తేలాడే రాళ్లూ, బోలు కొండలూ, దారితప్పించే సొరంగాలూ ఎత్తుల పటంతో ఎన్నటికీ సాధ్యపడేవి కావు.

అయినా గడి కొలత దగ్గర పీకులాట తీరలేదు. కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు, 256 మీటర్ల ఎత్తున్న ఒక చిన్న లోయను తీసుకోండి. మీటరు గడులైతే 25.6 కోట్లు. గడికి ఒక బైట్ అనుకుంటే 256 మెగాబైట్లు, ఇవాళ సెల్‌ఫోను కూడా మోస్తుంది. గడిని 10 సెంటీమీటర్లకు దించితే ఒక్కసారిగా వెయ్యి రెట్లు పెరిగి 256 గిగాబైట్లవుతుంది. మూడు దిక్కుల్లోనూ పదేసి రెట్లు కదా. దీనికి విరుగుడుగా డోనాల్డ్ మీగర్ 1980 ప్రాంతాల్లోనే ఆక్‌ట్రీ అనే అమరికను ప్రతిపాదించాడు. లోయ మొత్తాన్ని ఒక పెద్ద ఘనంగా తీసుకుని ఎనిమిది ముక్కలు చేయాలి. ఒక ముక్క అంతా గాలే అయితే ‘గాలి’ అని ఒక్క మాట రాసి వదిలేయాలి. అంతా రాయే అయినా అంతే. రాయీ గాలీ కలిసిన ముక్కను మాత్రం మళ్లీ ఎనిమిది చేయాలి. అలా చేస్తే వివరమంతా ఉపరితలం వెంబడే పోగవుతుంది, లోపలి రాయి కొద్ది మాటల్లో తేలిపోతుంది. గడిని పదోవంతు చేసినప్పుడు పెరిగేది వెయ్యి రెట్లు కాదు, ఇంచుమించు వంద రెట్లే. 2010లో ఎన్‌విడియాలో సాములి లైనె, టెరో కారస్ ఈ చెట్టు గుండా కాంతికిరణాన్ని నేరుగా నడిపి, త్రిభుజాల ఊసే లేకుండా గ్రాఫిక్స్ కార్డు మీద బొమ్మ గీయవచ్చని చేసి చూపించారు. స్వీడన్‌కు చెందిన టక్సీడో ల్యాబ్స్ 2022లో పూర్తిగా విడుదల చేసిన ‘టియర్‌డౌన్’లో గడి సరిగ్గా 10 సెంటీమీటర్లే, గీసేదీ కిరణాలతోనే. అయితే దాని లోకాలు చిన్నవి, కొండలకన్నా ఇళ్లు కూలగొట్టడానికే ఎక్కువ.

తవ్వకాన్నే ఆటగా మార్చి, నునుపైన కొండలతో చూపించింది 2025 జులైలో నింటెండో తెచ్చిన ‘డాంకీ కాంగ్ బనాంజా’. ఆటలోని గొరిల్లా గుద్దితే కొండ చెదురుతుంది, లోపలికి దూరిపోవచ్చు, ఇంకో పక్కనుంచి బయటపడవచ్చు. 2017 నాటి ‘సూపర్ మారియో ఒడిస్సీ’లో మంచును నెట్టుకుంటూ పోయే చోటా, జున్నుబండల్ని తొలిచే చోటా ఇదే బృందం వాక్సెళ్లను చిన్నమోతాదులో వాడి చూసింది. ఇప్పుడు నేలంతటికీ పాకించింది. ఇసుక, రాయి, మట్టి వేరువేరుగా విరగడం నాకు అన్నిటికన్నా నచ్చింది. గడిలో పదార్థం పేరు ఉంది కాబట్టే అది కుదిరింది. తొడుగుకు ఆ కబురు తెలియదు.

ఇక ఆకాశం. మేఘానికి తొడుగు వేయడం ఎవరివల్లా కాదు, దానికి అంచే లేదు. నెదర్లాండ్స్‌లోని గెరిల్లా గేమ్స్‌లో ఆండ్రూ ష్నైడర్ బృందం 2017 నాటి ‘హొరైజన్ జీరో డాన్’ కోసం మేఘాలు తయారుచేసింది. ఏ చోట మేఘం ఎంత దట్టమో చదునైన పటంలో రాసి, ఎత్తును బట్టి రూపం ఎలా మారాలో సూత్రంతో చెప్పారు. నేల మీద నుంచి చూస్తే అద్భుతమే. అయితే ఇది కమాంచీ పటానికి బంధువే, ఒక మేఘం కింద నుంచి ఇంకో మేఘం గుహలా తొలుచుకుపోవడం దానికి చేతకాదు. 2023లో అదే వరుసలో వచ్చిన ‘బర్నింగ్ షోర్స్’లో ఆటగాడు ఎగిరే యంత్రజంతువు మీద కూర్చుని మేఘాల్లోకి దూరిపోవాలి కాబట్టి అసలైన వాక్సెళ్లకు వచ్చారు. నేల ఇరవై ఏళ్లలో నడిచిన దారిని మేఘం ఆరేళ్లలో నడిచింది. ఇక్కడ గడిలో రాయా గాలా అన్న తెగేసిన మాట ఉండదు, ఎంత దట్టమో చెప్పే అంకె ఉంటుంది. కెమెరా నుంచి కిరణం అడుగులు వేస్తూ మేఘంలోంచి వెళుతుంది. అడుగడుగునా ఆగి, ఇక్కడికి సూర్యుడి వెలుగు ఎంత చేరిందని అడుగుతుంది. ఆ జవాబు కోసం సూర్యుడి వైపు ఇంకో కిరణం నడవాలి. ఖాళీ ఆకాశంలో ఇన్ని అడుగులు దండగ కాబట్టి, ప్రతి చోటునుంచీ దగ్గరి మేఘం ఎంత దూరముందో ముందే లెక్కగట్టి పెడతారు. కిరణం అంత దూరాన్నీ ఒక్క అంగలో దాటేస్తుంది.

గడ్డి దగ్గర మాత్రం వాక్సెళ్లు ఇప్పటికీ తేలిపోతున్నాయి. గాలికి ఊగే గడ్డిపరక త్రిభుజాలతో అయితే రెండు మూడు మూలల్ని కాస్త జరిపితే వంగుతుంది. గడులు తమ చోటు వదిలి కదలవు, పరక వంగాలంటే ఒక గడిలోంచి తీసి ఇంకో గడిలో మళ్లీ రాయాలి, లక్షల పరకలకు సెకనుకు అరవైసార్లు. అందుకే ఇప్పటి ఆటల్లో కొండ గడుల్లో దాగి ఉంటుంది, దాని మీద మొలిచిన గడ్డీ చెట్టూ త్రిభుజాలుగానే ఉంటాయి. ఆటగాడు ఆ గడ్డి కింద తవ్వినప్పుడు ఏ పరకలు మాయం కావాలో ఆ రెండిటికీ మధ్య మాట కుదర్చడం విడిగా ఇంకో పని.